అత్తారింటి గంజాయి మొక్క

తులసివనంలో గంజాయి మొక్క అనే సామెత పలకని నోరుండదు. అలా అన్నవాళ్ళలో ఆ మొక్కను కళ్ళారా చూసినవాళ్ళెవరో చెయ్యెత్తండి అంటే మాత్రం అందరూ గోడ గడియారం వంక చూస్తారు. చూడకుండా తిట్టడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. అలాంటి లోకంలో, ఆ మొక్కకు కాడ ఏది, కణుపు ఏది, పువ్వు ఏది అని పేరుపేరునా చెప్పలేకపోతే కాపురమే రెండు ముక్కలయ్యే పరిస్థితి ఒకాయనకు వచ్చింది. వీధిలో ఆయన్ని పార్సిలల్లుడు అంటారు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఉద్యోగం పార్సిళ్ళ గోదాములో. పైగా పెళ్ళైన కొత్తలో నాలుగు రోజులుండి పోదామని అత్తారింటికి వచ్చినవాడు మళ్ళీ కదల్లేదు. "వచ్చిన పార్సిలు వాపసు పోలేదు" అని ఎదురింటివాళ్ళు మొదలుపెట్టారు, వీధి వీధంతా అందుకుంది. ఆయన దానికీ ఏమీ అనుకోలేదు. మనిషి తలుపంత ఉంటాడు గానీ కోపమన్నది ఎరగడు. ఎప్పుడైనా వచ్చినా, దాన్నేం చేసుకోవాలో తెలియక రెండు తుమ్ములు తుమ్మి ఊరుకుంటాడు.

గోదాములో ఆయన పని తనిఖీ. బెల్టు మీద పెట్టెలు వస్తుంటాయి. అనుమానం వచ్చినదాన్ని పక్కకు లాగి, టేపు కోసి, లోపల చూసి, మళ్ళీ టేపు వేసి ముద్ర కొట్టాలి. గంజాయి దగ్గరకొచ్చేసరికి చిక్కంతా భాగాల్లో ఉంది. కాడ నారతో తాళ్ళు పేనుకోవచ్చు, తప్పులేదు. గింజలు పంజరంలో పిట్టలకు వెయ్యొచ్చు, దానికీ తప్పులేదు. పూత కనిపించిందా, ఇక కేసే. అంచేత పెట్టెలో దొరికింది మొక్కలో ఏ భాగమో పేరుపెట్టి రాయాలి. పేరు తప్పితే దొంగ మీసం దువ్వుకుంటూ పోతాడు, తాళ్ళు పేనుకునేవాడు లోపల కూర్చుంటాడు.

మన పార్సిలల్లుడికి మొక్కల గురించి తెలిసింది ఒక్కటే, పచ్చగా ఉంటాయని. ఒకరోజు పెద్ద పెట్టె విప్పేసరికి వేళ్ళు వేళ్ళుగా విచ్చుకున్న ఆకులు కనిపించాయి. ఇంకేముంది, ఈల ఊది, బెల్టు ఆపించి, నలుగురినీ పిలిచి రిపోర్టు రాసేశాడు. "ఆకులు ఏమాత్రం వాడలేదు. సరుకు మిక్కిలి తాజాగా ఉన్నది" అని కింద సంతకం కూడా పెట్టాడు. అది ప్లాస్టిక్ మొక్క. పళ్ళ డాక్టరుగారు, రోగులు కూర్చునే గదికి అందంగా ఉంటుందని తెప్పించుకున్నది. దుమ్ము దులపడానికి చిన్న బ్రష్షు కూడా అందులోనే పెట్టి పంపారు పాపం, ఈయన దాన్ని "నేరానికి వాడు పనిముట్టు" అని రాశాడు.

గోదామంతా కడుపు పట్టుకుని నవ్వింది. పెద్దసారు మాత్రం నవ్వలేదు. గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"ఇదిగో చూడవయ్యా, శిక్షణ గదిలో గుడ్డతో కుట్టిన గంజాయి మొక్క నమూనా ఉంది. వచ్చే నెల నీకు పరీక్ష. నేను పుల్లతో చూపిస్తా, నువ్వు పేరు చెప్పాలి. ఒక్కటి తప్పినా సరిహద్దు గోదాముకి పోతావ్. అక్కడికి ఇసుక బస్తాలు తప్ప ఇంకేమీ రావు. నువ్వు ఏం పట్టుకున్నా నష్టం లేదు."

సరిహద్దు గోదామంటే రేకుల గది, ఓ మంచం, ఓ పొయ్యి. పలకరించడానికి పక్కన పురుగు కూడా ఉండదు. భార్య వెంట వచ్చేది కాదు. ఇంటి ముందు గదిలో ఆమెకు ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే దుకాణం ఉంది. రెండు అద్దాలు, రెండు కుర్చీలు, ఎప్పుడు చూసినా తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్న ఎవరో ఒక పిన్నిగారు. అంత కష్టపడి పెంచుకున్న దుకాణం మూసుకుని వెళ్ళి ఇసుక బస్తాలకు క్షవరం చేస్తుందా, మీరే చెప్పండి. పార్సిలల్లుడికేమో ఒంటరిగా ఉండడం చేతకాదు. వంటలో నీళ్ళు కాయడం వరకు వచ్చు, అదీ ఒక్కోసారి మాడుస్తాడు. కంచం ముందు కూర్చుని సంగతి చెబుతుంటే ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

"సరిహద్దా? అక్కడ గాలి బాగుంటుందటగా," అంది అత్తగారు, గిన్నెలో గరిటె తిప్పుతూ.

ఆ మాటతో ఆయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. తనను ఎలాగైనా సాగనంపాలని ఆవిడకు ఎప్పటినుంచో ఉందని ఆయన గట్టి నమ్మకం. ఆవిడ ఎదురుపడితే గోడకు అంటుకుపోయి దారిస్తాడు. ఆవిడ చెప్పేదంతా మాట పొల్లుపోకుండా వింటాడు, అది ప్రేమతో కాదు, హడలి.

శిక్షణ పుస్తకం తెచ్చుకుని బట్టీ పట్టబోయాడు. పత్రవృంతం, పత్రకం, కీలాగ్రం. ఒకటి లోపలికి పోతే ఇంకొకటి బయటికొచ్చేది. చివరికి భార్యే ఉపాయం చెప్పింది.

"ఏమండీ, మన పెళ్ళిలో మా అక్క ఎవరితో ఏ మాట అందో ఇప్పటికీ అప్పజెప్తారు కదా! మావాళ్ళ సంగతులైతే మీకు మరుపే లేదు. ఆ మొక్కని మా ఇల్లనుకోండి. ఒక్కో భాగానికి ఒక్కొక్కళ్ళని పెట్టుకోండి."

"మీవాళ్ళు ఏమైనా అనుకుంటే?"

"వాళ్ళకి ఎవరు చెప్తారు? మీరు నోరు మూసుకుంటే చాలు."

ఆమె బాగానే చెప్పింది. నోరు మూసుకుని బట్టీ పట్టడమెలాగో మాత్రం చెప్పలేదు. ఆ ఇంట్లో ఏకాంతం దొరికేది స్నానాలగదిలోనే. ఆయనది మామూలుగా పిల్లి గొంతు. ఆ గదిలో బకెట్ల మధ్య నిలబడి పలికితే అదే గొంతు ఇల్లంతా మోగుతుందని ఆయనకు తెలియదు. తువ్వాలు భుజాన వేసుకుని తన వంతు కోసం తలుపు బయట నిలబడ్డ బావమరిదికి ముందుగా తెలిసింది.

"కాండం, మామయ్య," అని వినబడింది లోపలినుంచి. "నిటారుగా ఉంటాడు. ఒంటినిండా నిలువు చారలు. లోపల బోలు. కణుపులు, మామయ్య మోకాళ్ళు. అక్కడక్కడ ఉబ్బి ఉంటాయి."

మామగారు చారల పైజామాలో అప్పుడే అటు వచ్చాడు. బతుకంతా లిఫ్టు నడిపి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఎవరైనా గుమ్మంలో నిలబడితే "పైకా, కిందకా?" అని అడగడం తప్ప పెద్దగా మాట్లాడడు. బావమరిది తండ్రి మోకాళ్ళ వంక చూసి పగలబడి నవ్వాడు. ఆ నవ్వు విని మేడమీదనుంచి భార్య అక్క, మనవాడికి వదిన, దిగింది, ఆమె వెనకాలే ఆమె మొగుడు, అంటే మనవాడి తోడల్లుడు, దిగాడు.

"ఆకు, వదిన చెయ్యి. చాపి మాట్లాడితే ఐదు కాదు, ఏడు వేళ్ళు కనిపిస్తాయి. ఒక్కో వేలు ఒక్కో పత్రకం. అంచుల్లో రంపప్పళ్ళు, అవి వదిన మాటలు. ఆకు తొడిమ, అంటే పత్రవృంతం, వదిన మెడ. ఎదురింట్లో ఏం జరుగుతోందో చూడ్డానికి బాగా సాగుతుంది."

"వినండి, మీ తోడల్లుడి పొగరు!" అని వదిన మొగుడి వైపు తిరిగింది, చెయ్యి చాపి, మెడ సాచి.

"జిగురు నూగు, తోడల్లుడు అన్నయ్య. ముట్టుకుంటే వదలడు. సబ్బుతో కడిగినా పోడు."

తోడల్లుడు అప్పటికి మామగారి పైజామా నాడా పట్టుకుని ఏదో చెబుతున్నాడు. ఠక్కున వదిలేశాడు. బావమరిది నేలమీద కూర్చుని మరీ నవ్వుతున్నాడు. తనదాకా రానంతవరకు అందరికీ నవ్వే.

"మగపువ్వు, బావమరిది. గుత్తులు గుత్తులుగా స్నేహితులతో వేలాడుతుంటాడు. మొహంనిండా పౌడరు, దాని పేరు పుప్పొడి. గాలికి ఆ పౌడరు దులిపేశాక ఇక పనేం లేదు. రాలిపోతాడు."

ఈ గోలకు ముందు గదిలోంచి భార్య వచ్చింది, చేతిలో కత్తెరతో. ఆమె వెనక తలకు తువ్వాలు చుట్టుకున్న పిన్నిగారు. గుట్టు రట్టయిందని భార్యకు భయం వేసినా, తమ్ముడి మొహం చూసి నవ్వాపుకోలేకపోయింది. సరిగ్గా అప్పుడే లోపలి గొంతు మెత్తబడింది.

"ఆడపువ్వు, మా ఆవిడ. రేకుల్లేవు, ఆర్భాటం లేదు. నెత్తిన రెండే రెండు తెల్లవెంట్రుకలు, వాటి పేరు కీలాగ్రాలు. వయసు ముదిరేకొద్దీ రాగిరంగుకి తిరుగుతాయి. మా ఆవిడ కూడా తిప్పుకుంది, రంగేసి."

పిన్నిగారు "అలాగా!" అంది. భార్య కత్తెరతో తలుపు మీద టకటకా కొట్టింది. పార్సిలల్లుడు తలుపు తీసి, తడి జుట్టుతో, తువ్వాలు చుట్టుకుని, అంతమందిని ఒక్కసారి చూసి, మళ్ళీ లోపలికి పోయి గడియ వేసుకున్నాడు.

ఎంతసేపని ఉంటాడు? బయటికి రాక తప్పలేదు. తిట్లు అయ్యాయి, అలకలు అయ్యాయి. తిట్టి ఊరుకుంటే బాగానే ఉండేది. మర్నాటినుంచి మొదలైంది అసలు పీడ. మొక్కలో మంచి చోటు కోసం ఒక్కొక్కళ్ళూ ఆయన వెంటపడ్డారు.

"ఇదిగో మరిదీ, ఆకునే అయితే ముదురాకుని ఎందుకవుతాను? చిగురాకుని చెయ్యి," అంది వదిన.

"బావా, రాలిపోతాడు అనడం ఏం బాలేదు. నన్ను గింజ చెయ్యి. కాస్త భవిష్యత్తు ఉన్నట్టుంటుంది," అన్నాడు బావమరిది, బుగ్గలకు పౌడరు అద్దుకుంటూ.

తోడల్లుడు గుమ్మంలో ఆపి చొక్కా గుండీ పట్టుకున్నాడు. "తమ్ముడూ, నేను అంటుకునే రకం కాదని నీకు తెలుసు. జిగురు తీసెయ్, కాండం నాకివ్వు. మామయ్య పెద్దాయన, ఎంతకాలం నిలబడతాడు చెప్పు?" ఈ మాటే తిప్పి తిప్పి చెప్పాడు. గుండీ ఊడి చేతికొచ్చాక గానీ వదల్లేదు.

మామగారు పేపరు దించి, "నేను పైనా, కిందా?" అని అడిగి, "మధ్యలో" అంటే తృప్తిగా మళ్ళీ పేపరెత్తాడు. భార్య అసలు మాటలే మానేసింది. ఎదురుగా కంచం పెట్టేటప్పుడు మాత్రం, "రాగిరంగు కంచం లేదండీ, ఇందులోనే తినండి," అంది.

కాదు అనడం పార్సిలల్లుడి నోటికి రాని మాట. అడిగినవాళ్ళకల్లా సరేనన్నాడు. దాంతో కాండం మీద ముగ్గురెక్కి కూర్చున్నారు. గింజలో ఇద్దరు చేరారు. జిగురు దిక్కులేకుండా పోయింది. పరీక్ష దగ్గర పడుతుంటే ఆయనకు ఆకు అనగానే బావమరిది, పుప్పొడి అనగానే మామయ్య గుర్తొస్తున్నారు. పోయి పోయి కొరివితో తల గోక్కున్నానని లోలోపల కుమిలిపోయాడు. కళ్ళు మూస్తే రేకుల గదీ ఇసుక బస్తాలూ కనిపిస్తున్నాయి.

ఒకపూట వంటింట్లో నీళ్ళు ముంచుకుంటుంటే అత్తగారు అడ్డంగా నిలబడింది.

"అందర్నీ పెట్టావు. మరి నేనెక్కడున్నాను?"

ఆవిణ్ణి ఎక్కడ పెట్టినా ప్రాణానికి ముప్పేనని ఎక్కడా పెట్టలేదాయన. ఆ సంగతి చెప్పలేక అప్పటికప్పుడు ఓ మాట అల్లాడు. "మీరు వేరండీ అత్తయ్యా. మీ మీదేగా అంతా నిలబడింది."

"పరీక్షలో వేరు అడుగుతారా?"

"అడగరండీ. నమూనాకి వేరు లేదు. అడుగున తొట్టిలో సిమెంటు పోశారు."

"అంటే నన్ను మట్టిలో పూడ్చి, పైన సిమెంటు కూడా పోయించావన్నమాట."

ఆయన చేతిలో చెంబు జారింది. ఆవిడ బిందె మీద మూత పెట్టి వెళ్ళిపోయింది. ఇక తాను పరీక్ష పాసైనా ఆ ఇంట్లో ఉండనివ్వదని తేలిపోయిందాయనకు.

పరీక్ష ముందురోజు సాయంత్రం అందరూ భోజనానికి కూర్చున్నారు. పార్సిలల్లుడు తినకుండా పెదాలు కదుపుతున్నాడు.

"పైకి చెప్పు," అంది అత్తగారు. "కాండం ఎవరు?"

"మామయ్య. అన్నయ్య. కొంచెం బావమరిది."

అత్తగారు గరిటెతో గిన్నె మీద ఠంగుమని కొట్టింది. "సిగ్గు లేదూ మీకు? ఏదో గుర్తుకోసం వాడు నాలుగు పేర్లు పెట్టుకుంటే, పదవులు పంచినట్టు కొట్టుకుంటారా? రేపు వాడి కాపురం రోడ్డున పడితే ఎవరొచ్చి ఎత్తుతారు? లేవండి అందరూ! చేతులు కడుక్కుని ఎవరి చోట్లో వాళ్ళు నిలబడండి. ఎవరికి ఏ చోటు ఇష్టం లేదో వాళ్ళది అదే చోటు!"

ఆవిడ ఆ గొంతుతో మాట్లాడితే కుర్చీలు కూడా లేస్తాయి. మామగారు వంటింటి మధ్య పైజామా సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. ఆయన భుజం మీదుగా వదిన చెయ్యి చాపింది, వేళ్ళు బాగా విడదీయమని తల్లి గరిటెతో తట్టింది. ఆ చేతిని తోడల్లుడు పట్టుకున్నాడు. పట్టుకోమని ఎవరూ అనలేదు, ఆయనకదే వచ్చేసింది. బావమరిది తండ్రి మోచేతికి వేలాడి మొహం ముడుచుకున్నాడు. మిగిలింది భార్య. ఆమె మొగుణ్ణి కోపంగా చూసింది, చూసీ చూసీ తల వంచి, పాపిట దగ్గర వేలుపెట్టి ఆ రెండు వెంట్రుకలూ పైకి తీసి పట్టుకుంది.

"అంత దూరంనుంచి కనిపిస్తున్నాయా?" అంది, మాట్లాడక మాట్లాడక.

"నాకు తప్ప ఎవరికీ కనిపించవు," అన్నాడాయన. ఆమెకు నవ్వొచ్చేసింది.

అత్తగారు గరిటెతో ఒక్కొక్కళ్ళనే చూపించింది. ఆయన ఒక్కొక్కటే చెప్పాడు. కాండం, కణుపు, పత్రకం, పత్రవృంతం, జిగురు నూగు, మగపువ్వు, పుప్పొడి, కీలాగ్రం. మామగారి మోకాళ్ళు వణికేదాకా, వదిన చెయ్యి తిమ్మిరెక్కేదాకా చెప్పించింది. ఒక్కటీ తప్పలేదు.

పరీక్ష సంగతి చెప్పడానికి ఎక్కువ లేదు. గుడ్డ మొక్క ముందు నిలబడగానే ఆయన అలవాటుగా చేతులు కట్టుకుని కాస్త పక్కకు జరిగి దారిచ్చాడు. పెద్దసారు పుల్ల ఎత్తి, "ఎవరికయ్యా దారిస్తున్నావ్?" అన్నాడు. "కాండానికండీ," అన్నాడు. మగపువ్వు దగ్గర నవ్వాడు, ఆడపువ్వు దగ్గర సిగ్గుపడ్డాడు, పేర్లు మాత్రం తడుముకోకుండా చెప్పాడు. పెద్దసారు నమూనాని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి అడిగి అడిగి అలసిపోయి, "పో, నీ బెల్టు దగ్గరికి పో," అన్నాడు. బదిలీ తప్పింది.

ఇంటికొచ్చేసరికి అందరూ గుమ్మంలోనే ఉన్నారు. పాసయ్యానని చెప్పనైనా చెప్పకముందే, "నన్ను అడిగారా?" అని ఒకరు, "నన్ను ఎన్నిసార్లు అడిగారు?" అని ఒకరు. మగపువ్వును రెండుసార్లు అడిగారని తెలిసి బావమరిది కాలరెగరేశాడు. వదిన తన మెడను ఒక్కసారే అడిగినందుకు చిన్నబుచ్చుకుంది. భార్య మాత్రం ఏమీ అడక్కుండా ఆయన చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది.

అత్తగారు అక్కడ లేదు. ఎంత హడలైనా, నిన్నటి గరిటె చలవే కదా, ఆవిడకు చెప్పకపోతే ఎలాగని పార్సిలల్లుడు లోపలి గదికి వెళ్ళాడు. మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది. నిండా సర్ది ఉంది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. పాసైనా ఫెయిలైనా సాగనంపడానికి తన సామాను కట్టేసిందన్నమాట! తమాయించుకుని తొంగిచూశాడు. అందులో ఆయన బట్ట ఒక్కటీ లేదు. ఆవిడ మందుల సంచి, మోకాళ్ళ నూనె సీసా, కళ్ళజోడు, మెత్తటి దిండు. ఆ పక్కన ఉప్పు డబ్బా, చిన్న గిన్నె, గరిటె, రెండు కంచాలు.

"పాసయ్యావా?" అంది అత్తగారు వెనకనుంచి.

"అయ్యానండీ."

"ఊ," అని వచ్చి, దిండు తీసి మంచం మీద పడేసింది. "నీకు నీళ్ళు కాయడం తప్ప ఏం వచ్చు? అదేమో దుకాణం వదిలి రాదు. మరి నీతో ఎవరో ఒకళ్ళు రావాలి కదా."

పార్సిలల్లుడు ఆ రెండు కంచాల వంక మళ్ళీ చూశాడు. "మీరు నన్ను వెళ్ళగొడదామనుకుంటున్నారనుకున్నానండీ అత్తయ్యా," అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

"నిన్ను వెళ్ళగొట్టి నేనేం చెయ్యను? ఈ ఇంట్లో నేను మొదలుపెట్టిన మాట చివరిదాకా వినేవాడివి నువ్వొక్కడివే." నూనె సీసా తీసి అలమారలో పెట్టింది. ముందు గదిలో వదిన ఎవరిమీదో అరుస్తోంది, తోడల్లుడు ఎవరినో పట్టుకున్నట్టున్నాడు, వదలండి వదలండి అని వినబడుతోంది. ఆవిడ కాసేపు అటే చెవిపెట్టి విని, తీసిన కంచాలు చేతిలోనే పట్టుకుని, అల్లుడి వైపు తిరిగింది.

"ఒక్కటంటే ఒక్కటి తప్పు చెప్పడానికి నోరు రాలేదా నీకు?"